గడప చెక్క మీద విశ్వాసమ్మ

దావీదురాజు పెండ్లాము మూడుబాటల కాడ నిలబడి నిమ్మకాయల దండ ఏయించుకుంటాండాదని సిద్దమ్మ చెప్పింది. సిద్దమ్మ కండ్లతో చూసింది లేదు. శివరాత్రికి మహానందికి జనాన్ని తోలుకపోయిన బండి గోపన్న చూసి, వచ్చి సిద్దమ్మ మొగునితో అన్నాడంట. మొగుడు ఆ మాటను రెండు రోజులు కడుపులో పెట్టుకుని, ఇక ఆగలేక ఆమె చెవిన వేశాడు. ఆమె ఒక్క పూట కూడా ఆగలేకపోయింది.

"మొగమంతా పసుపంట. నొసట రూపాయి బిళ్లంత బొట్టంట. ఎర్ర రైకగుడ్డ సుట్టినారంట. ఊర్లో ఆడోళ్లు వరస కట్టి బిందెలు బిందెలు నీళ్లు పోస్తాండారంట దావీదూ. బతికినన్నాళ్లు ఎవురూ సెయ్యని మర్యాద," అని చివర్లో మూతి కొంచెం తిప్పింది. ఆ తిప్పడంలో జాలి ఎంతో, ఎకసెక్కెం ఎంతో ఆమెకే తెలీదు.

దావీదురాజు అప్పుడే బేతంచెర్ల బండల గనుల నుంచి నడిచి వస్తున్నాడు. నెత్తిన జొన్నల మూట, చంకలో ఉలుల సంచి, మీసాల మీదా రెప్పల మీదా రాతి దుమ్ము. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి గనుల్లో మనిషికి ఊపిరి తిరగడం లేదు. కచ్చేరీలకని, ఆఫీసర్ల ఇండ్లకని లారీల మీద లారీలు నాపబండలు పోతున్నాయి. వారాల తరబడి గని కాడే వండుకు తిని, ఎప్పుడో ఒక శనివారం ఇంటి దోవ పడతాడు.

"ఎవురి సంగతి సెప్తాండావు సిద్దమ్మక్కా?"

"నీ పెండ్లాం సంగతేనప్పా. ఇంకెవురిది?"

విశ్వాసమ్మ పోయిన ఎండాకాలమే చచ్చిపోయింది. ఊరవతల సుద్దపల్లె పేటలో ఉన్న వాళ్లంతా పాటలు పాడుతూ మోసుకుపోయి మట్టి చేసి వచ్చారు. ఆ మోసినవాళ్ల వెనక సిద్దమ్మ కూడా నడిచింది. అయినా ఆమె ఏమంటున్నదో దావీదురాజుకు ఇంకొకసారి చెప్పించుకోవలసిన పని లేకపోయింది. మూట వాకిట్లోనే దించి, వంగి గుడిసెలోకి దూరాడు.

పొయ్యికి ఎదురుగోడన కొట్టిన మేకు ఖాళీగా ఉంది. మేకు కింద, చెక్క ఆనుకుని ఉండిన మేర, మట్టిగోడ పొగపట్టకుండా మిగిలింది.

"అమ్మా. యాడ అది?"

తల్లి కృపమణి కొర్రలు చెరుగుతున్నది చెరుగుతూనే ఉంది. "నన్నడిగితే నేనేం సెప్పేది నాయినా. సంఘం పెద్దాయన వచ్చినాడు. ఇంట్లో విగ్రహం పెట్టుకున్నోళ్లకు ప్రభువు బల్ల కాడ రొట్టె ఈయమన్నాడు. ఈ వయసులో నన్ను బల్ల కాడికి రానియ్యకపోతే నేను యాడికి పోవల్ల?"

"ఇచ్చేసినావా?"

"ఇయ్యలేదు. తీసుకపోతాంటే అడ్డం పడలేదు. అంతే."

దావీదురాజు తల్లి మీద అరవలేదు. అరిచి ఉంటే ఆమెకే బాగుండేది. చేట కింద పెట్టి ఏడ్చి ఉండేది. ఉలుల సంచి చంకలోంచి తియ్యకుండానే మళ్లీ బయటికి వచ్చాడు.

ఆ చెక్క కుందూ ఏటిలో దొరికింది. వానల్లో ఏరు పొంగి దిగిపోయినాక ఇసుకలో సగం పూడుకుని ఉంటే లాక్కొచ్చాడు. వేపమాను గడప. ఎవరి ఇల్లు కూలిందో, ఏ ఊరి నుంచి కొట్టుకొచ్చిందో. కొసలు విరిగిపోయి, జానెడు వెడల్పున మూరెడు పొడవు గట్టి మాను మిగిలింది. ఏటి నీళ్లు అంత నానబెట్టినా ఈనెల్లోంచి పసుపు పోలేదు. పసుపు పూసిన గడప అంటేనే పేటలోది కాదని తెలుస్తుంది. పొయ్యిలోకి పనికొస్తుందని తెచ్చినవాడు, గొడ్డలి ఎత్తి, దించి, గోడకు ఆనించి కూర్చున్నాడు.

గనిలో వాళ్లు నవ్వారు. చేతికింద ఇన్ని బండలుండగా మాను యాలరా అన్నారు. నాపబండ పొరలు పొరలుగా లేస్తుంది, దాంట్లో ముక్కు నిలబడదని చెప్పాడు. అది సగం మాట. విశ్వాసమ్మ మీద ఒక బండ ఇప్పటికే ఉంది, తానే కోసి పరిచినది. ఇంకొక బండ మీద ఆమెను పెట్టడం అతనికి ఇష్టం లేదు.

రాతి పనివాడు మాను పట్టుకుంటే ఏమవుతుందో అదే అయింది. బండకు తడిపెట్టినట్టు చెక్కకూ తడి పెట్టాడు. అది ఉబ్బి, ఎండలో ఆరి, చెవి పక్కన చీలింది. రాతి ఉలి మానులో దిగబడి నలుపుతుందే గానీ తెగకొయ్యదు. కమ్మరి కాడికి పోయి లారీ స్ప్రింగు ముక్కతో సన్న ఉలి సాగగొట్టించుకున్నాడు. బొగ్గుతో గీత గీసి, గీత బయట ఉన్న మానంతా కొంచెం కొంచెంగా లోపలికి దించుతూ వచ్చాడు. చుట్టూ దిగేకొద్దీ మొగం పైకి లేచింది. ముందు నొసలు, తర్వాత ముక్కు, తర్వాత, ఎప్పుడూ ఏదో అనబోతున్నట్టుండే ఆ పై పెదవి. ఫోటో లేదు. ఆమెను ఎవరూ ఫోటో తియ్యలేదు. తప్పు పోయిన చోటల్లా కండ్లు మూసుకుని బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. వేలికి తెలిసింది.

చివరగా మచ్చలు. విశ్వాసమ్మకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. మొగం నిండా గుంటలు. పెండ్లయి వచ్చిన కొత్తలో ఎవరో "ఏమమ్మీ, మొగమంతా తూట్లే" అంటే, "జల్లెడకు గూడా తూట్లుంటేనేనప్పా పనికొచ్చేది" అని అన్నవాడి నోరు మూయించింది. ఎడమ చెంపన గుంపుగా, కుడి చెంపన చెదురుగా, ముక్కు కొసన ఒకటి. మేకు మొన అరగదీసి ఒక్కొక్కటే వేశాడు. ఒకటి తగ్గించలేదు. చూపులకు పెట్టే పిల్ల కాదు గదా, తగ్గించి చూపడానికి.

ఆ మచ్చలే కొంప ముంచాయి.

ఏసురాజు సంఘపెద్ద. పాదిరిగారు నంద్యాల నుంచి సైకిలు మీద నెలకొక ఆదివారం వచ్చిపోతే, మిగిలిన ఆదివారాలన్నీ ఈయనవే. చెడ్డవాడు కాదు. కానీ పేటలో సగం మంది చాటుగా ఎల్లమ్మకు కోడిని కోస్తున్నారని ఆయనకు తెలుసు. తెలిసీ పట్టుకోలేని కోపమంతా, దాపరికం లేకుండా గోడకు తగిలించుకున్న ఒక్క చెక్క మీద తీర్చుకున్నాడు. దావీదురాజు పోయేసరికి వేపచెట్టు కింద మంచానికి నులక బిగిస్తున్నాడు.

"వచ్చినావా," అన్నాడు తల ఎత్తకుండా. "వస్తావని తెలుసు."

"యాల తీసుకపోయినావు? కాల్చినా బాగుండు."

"కాల్చేద్దామనే తీసుకపోయినా. కిరసనాయిలు పోసినా. పుల్ల గీసినా. ఆ పిల్ల నా దిక్కే సూస్తాండాది." ఏసురాజు నులక వదిలేశాడు. "దానికి బాప్తిస్మం ఇప్పిచ్చినోన్ని నేను. గుంతలో తొలి పిడికెడు మట్టేసినోన్ని నేను. సెయ్యి రాలేదురా."

"రాకపోతే ఇంటికి తేవల్ల గదా."

"విగ్రహాన్ని ఇంటికి తెచ్చేదెట్ల?"

"అందుకని దోవలో పారేసినావు."

"పారెయ్యలేదు. మూడుబాటల కాడ పొలిమేర గుట్టరాయికి ఆనిచ్చి వచ్చినా. ఒక వానొస్తే వాగులో పడి పోతాది, యాన్నుంచి వచ్చిందో ఆడికే అనుకున్నా. వానలు యాడుండాయి, మాఘమాసంలో. నా బుద్ధి గడ్డి తినె."

"నా ఇంట్లో ఉన్నన్నాళ్లు అది నా పెండ్లాం," అన్నాడు దావీదురాజు. గొంతు పెంచలేదు. "నేను మొక్కలేదు. మా యమ్మ మొక్కలేదు. ఇంటికొచ్చినప్పుడల్లా ఒకసారి సూసుకుని గనికి పోతాంటి. విగ్రహం కాకూడదని తీసుకపోయి నువ్వే దాన్ని విగ్రహం సేసినావు గదప్పా. రా. నువ్వు పెట్టినావు, నువ్వే వచ్చి ఊరోళ్లకు సెప్పు."

"మునసబు రెడ్డి సేను గుత్తకు సేస్తాండానురా నేను. నాలుగు ఎకరాలు. నోటికాడి కూడు."

"ఆదివారం ఆదివారం మాకు ధైర్యం సెప్తావే, అది యాడికి పాయె?"

ఏసురాజు మళ్లీ నులక చేతిలోకి తీసుకున్నాడు. దావీదురాజు తిరిగి చూడకుండా నడిచాడు.

మూడుబాటల దాకా అతను ఎక్కడా ఆగలేదు. ఊరిలో ఏం జరిగిందో సిద్దమ్మ చెప్పినదాంట్లో, ఏసురాజు చెప్పనిదాంట్లో, గనిలో తాను విన్నదాంట్లో అంతా అర్థమవుతూనే ఉంది. ఏసురాజు చెక్కను ఆనించి వచ్చిన ఆ వారమే ఊళ్లో అమ్మవారు పోసింది. మునసబు ఓబుల్రెడ్డి మనవడికి ఒళ్లంతా పొక్కులు. అట్లాంటప్పుడు పొద్దున్నే చేనికి పోయే ఆడవాళ్లకు, నిన్న లేని చోట, వేపమాను చెక్క మీద, మచ్చల మొగంతో ఆడమనిషి కనబడితే ఏమనుకుంటారు? మాను ఈనెల్లో పసుపు కూడా ఉండె. ఎవరూ పెట్టకుండానే అమ్మ పసుపుతో లేచి వచ్చిందనుకున్నారు. చల్లబరచాలని నీళ్లు పోశారు. పిల్లవాడు బతికాడు. ఇంకేం కావాలి.

నీళ్లు పోశారు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి దావీదురాజుకు పోయిన ఎండాకాలం గుర్తొచ్చింది.

పేటకు ఒక గుంతబాయి ఉంది. ఉగాది రాకముందే ఎండుతుంది. ఎండితే పేట ఆడవాళ్లు ఊరి పెద్దబాయి కాడికి పోయి, గట్టుకు అల్లంత దూరాన కడవలు వరసగా పెట్టి నిలబడాలి. గట్టు ఎక్కకూడదు, చేద ముట్టకూడదు. ఎవరికైనా దయ కలిగి తోడి, పైనుంచి పోస్తే పట్టుకోవాలి. పోయిన ఎండాకాలం ఒక రోజు రెడ్డిగారింట్లో అదే మనవడికి పుట్టెంట్రుకలు. బాయి నీళ్లన్నీ బంధువులకు, వంటలకు, ఎడ్లకు. పేట కడవలు మధ్యాహ్నం దాకా ఎండలో ఉండి, కాలి, వట్టివే తిరిగొచ్చాయి. విశ్వాసమ్మ పేట వెనక పాడుబడిన గని గుంతలో నిలవ ఉన్న పచ్చనీళ్లు ముంచుకొచ్చింది. వంట చేసి అందరికీ పెట్టి, తాను మాత్రం దాహానికి ఆగలేక ఆ నీళ్లు కాచకుండానే తాగింది. వాంతులు, బేదులు. మొగుడు గని నుంచి వచ్చేసరికి కండ్లు లోపలికి పోయాయి.

మూడుబాటల కాడ సాయంత్రం పూజకు ఆడవాళ్లు చేరి ఉన్నారు. దావీదురాజు ముందు బండలు చూశాడు. గుట్టరాయికి నాలుగు బారల అవతల, కింద ఒకటి, పక్కలకు రెండు, వెనక ఒకటి, పైన కప్పు ఒకటి. అంచులు నున్నగా తీసి, మూలలు గుండ్రం చేసి ఉన్నాయి. ఆ మూలలు తనవి. మునసబుగారింట్లో తులసికోటకని, కొంచెం మనసుపెట్టి చెయ్యమని గనిలో మేస్త్రీ చెబితే, నిజంగానే మనసుపెట్టి చేసినవి. పెండ్లానికి తన చేతులతోనే గుడి కట్టి పంపించాడు, తెలీకుండా.

లోపల ఆమె. పసుపు ఎంత పూశారంటే, అంత కష్టపడి పైకి లేపిన ముక్కు మళ్లీ మొగంలో కలిసిపోయింది. మచ్చల గుంటల్లో కుంకుమ మెత్తారు. కండ్లు లేవు. అతను చెక్కిన కండ్ల మీద, కొంచెం మత్తుగా వాలి ఉండే రెప్పల మీద, ఎవరో మొక్కుకున్న వెండి కండ్లు లక్కతో అతికించారు. గుడ్లు మిటకరించి దేన్నో బెదిరిస్తున్నట్టున్నాయి. విశ్వాసమ్మ జన్మలో ఎవరినీ అట్లా చూడలేదు.

ఓబుల్రెడ్డి భార్య రామలక్ష్మమ్మ తడిబట్టలతో బిందె ఎత్తి నీళ్లు పోస్తున్నది. పెద్దబాయి నీళ్లు. నిండు బిందె అయిపోగానే వెనక నుంచి ఇంకొకటి అందించారు. నీళ్లు చెక్క మీద నుంచి జారి, బండ మీద నుంచి జారి, దుమ్ములోకి పోతున్నాయి.

"దూరం దూరం," అన్నది ఒక ముసలామె దావీదురాజును చూసి. "నీడ పడ్తాది అమ్మవారి మీద."

అతను కదల్లేదు. "అది అమ్మవారు కాదమ్మా. నా పెండ్లాము. నేను సెక్కిన బొమ్మ."

ఎవరో కిసుక్కుమన్నారు. "పొద్దు గూకకముందే తాగినాడే," అన్నది ముసలామె. "ఇంటికి పోయి పండుకోపో నాయినా. అమ్మ తప్పు ఎంచదులే."

"మా పెద్దాయన తెచ్చి ఈడ పెట్టినాడు. కావల్నంటే పిలిపిచ్చి అడగండి. సెవి పక్కన సీలిక ఉంటాది. ఎడం పక్క. తుడిచి సూడండి."

తుడవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అంటే చీలిక అక్కడుందని అందరికీ తెలుసు. ఒక పిల్ల పరుగెత్తుకుంటూ మునసబు ఇంటి వైపు పోయింది. రామలక్ష్మమ్మ బిందె కింద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆడుకోవద్దప్పా," అంది. ఆమె గొంతులో భయం నిజమైనది. "నా మనవన్ని నాకిచ్చిన తల్లి. పిల్లోని మొగం మీద ఈగ వాలితే అరుస్తాండె, అట్లాంటోడు నిన్న కూడు తిన్యాడు. నువ్వు ఏమేమో అంటే ఆ తల్లి మళ్లా పిల్లోని మీద పగ పట్టుకుంటాది."

"విశ్వాసమ్మ, అమ్మా. పెండ్లయి వచ్చినప్పట్నుంచి ప్రతి ఎండాకాలం నీ బాయి కాడ నిలబడింది. నువ్వే పోపిస్తాంటివి. ఈ మొగం నువ్వు సూల్లేదా?"

రామలక్ష్మమ్మ నిజంగానే ఆలోచించింది. "మీ వాళ్ల మొగాలు నేనెందుకు సూస్తానప్పా? కడవ సూసి పోపిచ్చేదాన్ని."

"ఆమె కడవ ఏది, సెప్పు."

"పేట కడవలన్నీ నాకు తెలుసు. దావీదు ఇంటిదంటే నల్లకడవ గదా. మూతి పెళ్లు లేచిపోయింటుంది. మెడకు ఇనుప తీగె సుట్టింటారు." ఆమె తడుముకోలేదు. కించపరచాలని కూడా చెప్పలేదు. అడిగాడు కాబట్టి చెప్పింది.

తిట్టి ఉంటే తిట్టుకు తిట్టు ఉండేది. దావీదురాజు ఉలుల సంచి చంకలో సర్దుకున్నాడు.

ఓబుల్రెడ్డి వచ్చాడు. నడుముకు తువ్వాలు బిగించుకుని, కళ్లం కాడి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. వెనక ఇద్దరు జీతగాళ్లు. మునసబుగిరీలో తల నెరిసిన మనిషి, తగాదా ఎక్కడ తెగుతుందో చూడగానే పసిగడతాడు.

"ఏమిరా దావీదూ, ఆడోళ్ల మధ్యన ఏం పంచాయితీ?"

దావీదురాజు చెప్పాడు. చెబుతుండగానే పేట బాట నుంచి ఒక కర్ర చప్పుడు దగ్గరైంది. ఏసురాజు. చెప్పులు విప్పి చేత పట్టుకుని, ఎప్పుడూ నిలబడే దూరానికే వచ్చి ఆగాడు. కానీ నిలబడ్డాక గొంతు సవరించుకున్నాడు, వాక్యం చదివే ముందు సవరించుకున్నట్టే.

"వాడు సెప్పేది నిజం రెడ్డీ. ఆ సెక్క నేను తెచ్చి పెట్టినా. ఆ పిల్ల మా సంఘంలో మనిషి. మంచి మనిషి. దేవత కాదు. తప్పు నాది, వాన్నేమీ అనొద్దండి."

ఆడవాళ్లలో గుసగుసలు పుట్టాయి. పేట మనిషి మొగానికా ఇన్నాళ్లూ మొక్కింది అన్నది ఒకామె. ఏమో, మనిషి రూపంలోనే గదా తల్లి వచ్చేది అన్నది ఇంకొకామె. ఒకామె మాట్లాడకుండా తాను తెచ్చిన నిమ్మకాయలు తిరిగి ఒళ్లో పోసుకుంది. రామలక్ష్మమ్మ చెక్క వైపు చూసింది, తన తడి చేతుల వైపు చూసుకుంది. ఎటూ పోలేకపోయింది.

ఓబుల్రెడ్డి మీసం దువ్వుకున్నాడు. తర్వాత నవ్వాడు. "సరే. నీ పెండ్లామే అనుకుందాం. ఏం, మనిషి పోయినాక దేవత అయ్యేది కొత్తనా మన సీమలో? ఊరూరికీ ఒకరుండారు. ఇంటికి తీసుకపోయి ఏం సేస్తావురా, పొగ పట్టిచ్చుకుంటావు. ఈడుంటే ఊరంతా మొక్కుతాది. మహానంది బండ్లు గూడా నిలుపుతాండారు. నీ పెండ్లానికి ఇంత గౌరవం నువ్వు సెయ్యగలవా? మీ పేటోళ్లు గూడా ఇదో, ఈ గుట్టరాయి దాకా వచ్చి మొక్కుకోండి. ఎవురేమంటారో నేను సూస్తా."

"నా పెండ్లాన్ని సూసేదానికి నేను ఈ రాయి దాకా రావల్నా?"

"అంత కన్నా ముందుకు ఎట్ల వస్తావురా. బుద్ధుండే మాట్లాడ్తాండావా?"

దావీదురాజు ముందుకు వచ్చాడు. గుట్టరాయి దాటాడు. జీతగాళ్లు అడ్డం రాబోయి, ఒకరి మొగాలు ఒకరు చూసుకున్నారు. అతను అప్పటికే బండల మధ్యకు వంగి చెక్కను రొమ్ముకు ఆనించుకుని ఉన్నాడు. ఇప్పుడు అతన్ని పట్టుకుంటే మైల. చెక్కను పట్టుకుంటే, అది అమ్మవారే అయితే, స్నానం లేకుండా ముట్టుకున్న పాపం. రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఇద్దరిలో ఎవరికీ చెయ్యి లేవలేదు. ఓబుల్రెడ్డికీ లేవలేదు. తరతరాలుగా వాళ్లు గీసుకున్న గీతే వాళ్ల కాళ్లకు అడ్డం పడింది. దావీదురాజు అది చూశాడు. నవ్వుదామనుకున్నాడు గానీ, లోపల నవ్వు లేదు.

సంచిలోంచి సన్న ఉలి తీశాడు. లక్క కిందికి మొన దూర్చి ఒక వెండి కన్ను లేపాడు, తర్వాత రెండోది. వాటిని జాగ్రత్తగా బండ మీద పక్కపక్కన పెట్టాడు. ఎవరి మొక్కు వాళ్లది. ఎర్ర రైకగుడ్డ విప్పి మడిచి దాని పక్కన పెట్టాడు. రామలక్ష్మమ్మ దించిన బిందెలో ఇంకా సగం నీళ్లున్నాయి. అడగలేదు. బిందె ఒంచి చెక్క మీద పోసి, అరచేత్తో పసుపు కడిగాడు. అతని చెయ్యి ఇత్తడి బిందెకు తగిలినందుకు ముసలామె "అయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక ఆ బిందె వాళ్లింట్లోకి పోదు. వాలుపొద్దు ఎండలో మొగం మళ్లీ తేలింది. ముక్కు కొసన మచ్చ, చెవి పక్కన చీలిక, వాలిన రెప్పలు. ఏదో అనబోయే పెదవి.

చెక్కను భుజానికెత్తుకున్నాడు.

"తీసుకపోతే ఎట్లప్పా?" రామలక్ష్మమ్మ గొంతు ఏడుపులోకి దిగింది. ఇప్పుడు ఆమె మునసబు భార్యలా లేదు, మనవడి మంచం పక్కన కూర్చున్న ముసలిదిలా ఉంది. "రేపు మళ్లా ఊర్లో పోస్తే? పిల్లోల్లుండారు ఇంటింటికీ. మేమెవురికి మొక్కల్ల? ఏ మొగం సూసి మొక్కల్ల?"

దావీదురాజు ఆగాడు. ఆమెను కాదు, వరసగా నిలబడిన వాళ్లందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

"మీ ఇండ్లలో గూడా ఆడోళ్లు సచ్చింటారు గదమ్మా. అత్తలు, కోడండ్లు, బిడ్డలు. వాళ్లల్లో ఒక్కదాని మొగం మీలో ఎవురికన్నా గుర్తుంటే ఇప్పుడే సెప్పండి, అది నేనే సెక్కి ఇస్తా," అన్నాడు.

ఒక్క పేరు కూడా వినబడక, దావీదురాజు విశ్వాసమ్మతో పేట బాట పట్టాడు.